ఫ్యాక్టరీ కబుర్లు: సీసాలో నలుసు

క్రిందటి ఉగాది సంచికలో ఈ శీర్షిక క్రింద మాత్రల పైపూత గురించి వ్రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు సభ్యులు "మాత్రల సంగతి సరేనండీ, ఇంజెక్షను సీసాలో ఏమైనా పడితే ఎవరు చూస్తారు?" అని అడిగారు. మన న్యూజెర్సీలో మందుల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళకి కొదవ లేదు కాబట్టి తప్పు వ్రాస్తే పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. అయినా వ్రాస్తున్నాను.

ఇంజెక్షను సీసాల్ని వందకొకటి చొప్పున తీసి చూస్తే సరిపోదు. ప్రతి సీసానీ చూడాలి. అలా చూసి పంపినవాటిలోంచి మళ్ళీ కొన్ని తీసి రెండోసారి చూస్తారు. వెతికేది అద్దం పెచ్చులు, రబ్బరు మూత నుంచి ఊడిన తునకలు, బట్టల నుంచి రాలిన పీచు. మనిషి చూసేటప్పుడు సీసాని నల్లటి తెర ముందు 5 సెకన్లు, తెల్లటి తెర ముందు 5 సెకన్లు తిప్పి చూడాలి. తెల్ల పీచు నలుపు మీద, నల్ల నలుసు తెలుపు మీద కనిపిస్తాయి. వెలుతురు 2000 నుంచి 3750 లక్స్ మధ్య ఉండాలి. యు.ఎస్.పి.లో ఇది 790వ అధ్యాయంగా 2014 ఆగస్టులో అమలులోకి వచ్చింది గాని, అంతకు ముందు మేము చేసిందీ దాదాపు ఇదే. సీసాకి 10 సెకన్లంటే గంటకి 360. లెక్కకే ఆ సంఖ్య. కళ్ళకి మధ్య మధ్య విశ్రాంతి ఇవ్వకపోతే అరగంటలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నేను చేరినప్పుడు మా దగ్గర అలాంటి బూత్‌లు 14 ఉండేవి. చాలామంది ఆడవాళ్ళే. గుజరాతీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈక్వడార్ వాళ్ళు, ఒక్క తెలుగావిడ. తెనాలి వైపు వారు. మా అసోసియేషన్‌లో అందరూ ఆవిడని అక్కయ్యగారనే పిలుస్తారు కనుక నేనూ అలాగే పిలిచేవాణ్ణి. "ఏముంది తమ్ముడూ, చేటలో బియ్యం ఏరడమే. చేట కదపకపోతే రాయి కనపడదు" అనేవారు.

2006లో మాకు మిషను వచ్చింది. అది చేసేదీ చేట కదపడమే. సీసాని గిర్రున తిప్పి చటుక్కున ఆపుతుంది. సీసా ఆగినా లోపల మందు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ కాస్త సమయంలో కెమెరా వరుసగా బొమ్మలు తీసి ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తుంది. అద్దం మీద గీత ఉన్నచోటే ఉంటుంది కాబట్టి లెక్కలోంచి పోతుంది. కదిలింది మాత్రం మిగులుతుంది, అదే నలుసు. ఇలా నిమిషానికి 400 సీసాలు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

మిషను బాగా చూస్తోందని తేల్చేదెవరు? దానికి పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షకి కొలబద్ద మనిషి కన్ను. 1980లో జూలియస్ నాప్ అనే ఆయన ఇందుకో పద్ధతి ప్రచురించారు. మంచి సీసాలూ చెడ్డ సీసాలూ కలిపి, వాటినే పలువురి చేత అనేకసార్లు చూపించాలి. పదిసార్లలో ఏడుసార్లో అంతకన్నా ఎక్కువో తీసేసిన సీసా నిజంగా తీసెయ్యవలసినది. మూడుసార్లు కూడా తియ్యనిది మంచిది. మధ్యలోవి అనుమానం సీసాలు. తీసెయ్యవలసిన వాటిని మనుషుల పాటి అయినా పట్టుకుంటేనే మిషను పాసయినట్టు.

ఆ పరీక్ష నడిపింది నేనే. సీసాలకి రహస్యంగా నంబర్లు వేసి, కలిపేసి, రోజుల తరబడి చూపించాను. అందరిలోకీ అక్కయ్యగారి మార్కులే ఎక్కువ. కాని కాగితం చూపించగానే ఆవిడ ముఖం మాడిపోయింది. ఒక సీసాని ఉదయం తీసేశారు, అదే సీసాని మధ్యాహ్నం పంపించారు. "ఇది అబద్ధం. నేనలా చెయ్యను" అన్నారు. అందరి కళ్ళూ అంతేనని చెప్పాను, వినలేదు. చివరికి మిషను కాగితం తెచ్చి పక్కన పెట్టాను. అదీ కొన్ని సీసాల్ని ఒకసారి తీసి, ఒకసారి పంపింది. నలుసు ఒకప్పుడు మూత కింద దాక్కుంటుంది, ఒకప్పుడు అడుగున కూర్చుంటుంది మరి. అప్పుడు కాస్త నవ్వారు.

మిషను పాసయిన నెలలోపే 14 బూత్‌లు 4 అయ్యాయి. అలా జరగబోతోందని నాకు ముందే తెలుసు. పరీక్షకి కూర్చున్నవాళ్ళకి చెప్పవద్దన్నారు, నేను చెప్పలేదు. అక్కయ్యగారు మిగిలిన నలుగురిలో ఉన్నారు. ఆవిడ రోజూ కారులో ఎక్కించుకువచ్చే ఫిలిప్పీన్స్ ఆవిడ లేదు. పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి, "నీకు తెలుసా?" అని ఒక్కటే అడిగారు. తెలుసన్నాను. ఆ ఏడాది దీపావళి భోజనాల్లో నాకు ఎదురుపడ్డా పలకరించలేదు.

మళ్ళీ మాట కలిసింది బుడగల పుణ్యమా అని. ఒక ప్రొటీను మందు వచ్చింది. నీళ్ళలా ఉండదు, చిక్కన. అందులో గాలిబుడగ ఓ పట్టాన పోదు. మిషనుకి బుడగా కదిలేదే, నలుసూ కదిలేదే. ఐదు సీసాల్లో ఒకటి బయటికి తోసేసేది. ఎంతో ఖరీదైన మందు, దాని కోసం ఎదురుచూసే రోగులున్నారు. సున్నితం తగ్గించమని పైనుంచి ఒత్తిడి. తగ్గిస్తే బుడగలతో పాటు నలుసులూ వెళ్ళిపోతాయి. నేను సంతకం పెట్టనన్నాను. (అంత ధైర్యం బూత్‌ల విషయంలో లేకపోయిందేమని మా ఆవిడ అప్పుడే అడిగింది.)

తోసేసిన సీసాల్ని మళ్ళీ చూసే పని అక్కయ్యగారిది. మూడో రోజున నా గదికి వచ్చి, "బుడగ పైకి పోతుంది, చెత్త కిందికి దిగుతుంది. నింపగానే చూస్తే ఎలా? ఒక రాత్రి కదపకుండా ఉంచండి" అన్నారు. ఉంచాం. తిప్పే వేగం కూడా సవరించాం. తోసేసేవి బాగా తగ్గాయి. ఇంకొకటి కూడా ఆవిడే చెప్పారు. బరువైన అద్దం పెచ్చు సీసా ఎంత తిప్పినా అడుగునుంచి లేవదు, ఆవిడైతే సీసాని తలక్రిందులు చేస్తారు. మిషనుకి ఆ వీలు లేదు. అడుగుభాగాన్ని చూసే కెమెరా విడిగా పెట్టించాం.

ఇప్పుడు వేల బొమ్మలు చూపించి నేర్పే రకం మిషన్లు వచ్చాయి. బుడగకీ నలుసుకీ తేడా మునుపటికన్నా బాగా చెబుతాయి. ఆ బొమ్మల్లో ఏది బుడగో ఏది నలుసో ముందు వ్రాసిపెట్టేది మనుషులే, పరీక్ష కూడా మనిషి కంటితో పోల్చి పెట్టేదే. మా దగ్గర ఆ బొమ్మలకి పేర్లు పెట్టేవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళే, బూత్‌లో కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇది నాకు నచ్చడం లేదని మీటింగులో చెప్పాను. చూద్దామన్నారు.

అక్కయ్యగారు 2015లో రిటైరయ్యారు. శుక్లాల ఆపరేషను రెండు కళ్ళకీ అయింది. మొన్న సంక్రాంతి ముగ్గుల పోటీలో కనిపించి, "మీ మిషను బుడగల్ని గుర్తుపడుతోందా ఇప్పుడు?" అని అడిగారు.

"చాలావరకు" అన్నాను.

"చాలావరకంటే ఎంత? నీ దగ్గర నంబరు ఉంటుందిగా" అన్నారు.

నంబరు చెప్పాను. కాసేపు ఆలోచించి, "నాది ఎంతుండేది?" అన్నారు.