శిలాఫలకం మీద లేని పేరు

మాది మొగల్తూరు అనగానే ఆఫీసులో మొదట వచ్చే ప్రశ్న "చిరంజీవి ఊరా?" అని. కాస్త పెద్దవాళ్ళైతే "కృష్ణంరాజు గారి ఊరు కదండీ" అంటారు. రెండూ నిజమే, రెండూ నాకు గర్వమే. ఇద్దరు నటుల వల్ల మా ఊరి పేరు అందరికీ తెలిసింది. సినిమాలో ఉన్న సుఖం ఏమిటంటే దానికి టైటిల్స్ ఉంటాయి. హీరో పేరు ఎంత పెద్దగా వేసినా, కెమెరా పట్టిందెవరో, సెట్ వేసిందెవరో, ఎడిటింగ్ చేసిందెవరో ఒక్క సెకనైనా తెర మీద పడుతుంది.

విగ్రహానికి టైటిల్స్ లేవు. ఇవాళ్టి నా గోలంతా దాని గురించే.

మన గోదావరి జిల్లాల్లో విగ్రహం లేని సెంటర్ చూపించండి చూద్దాం. గాంధీ, అంబేద్కర్, కాటన్ దొర, అల్లూరి, ఎన్టీఆర్, వైఎస్... ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. కింద శిలాఫలకం చదవండి. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథి, విరాళమిచ్చిన దాతలు, చివరికి కమిటీ కోశాధికారి పేరు కూడా ఉంటుంది. చేసినవాడి పేరు కోసం మాత్రం వెతుక్కోవాలి. 2019 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో ఎస్వీ రంగారావు గారి కాంస్య విగ్రహాన్ని చిరంజీవి ఆవిష్కరించారు. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల అల్లూరి కాంస్య విగ్రహాన్ని ప్రధాని మోదీ ఆవిష్కరించారు. ఈ రెండు వాక్యాల్లోనూ శిల్పి పేరు లేదు. మీరు ఆగి అడిగారా? లేదు కదా. మనకి అలా అలవాటైపోయింది.

హుస్సేన్ సాగర్ బుద్ధుడి సంగతే తీసుకోండి. 1990లో తరలిస్తుండగా నీళ్ళలో మునిగిందనీ, మనుషులు చనిపోయారనీ, 1992 డిసెంబరులో నిలబెట్టారనీ హైదరాబాదులో ఎవర్నడిగినా చెప్తారు. ఎన్టీఆర్ పట్టుబట్టి చేయించారని కూడా చెప్తారు. ఆ ఏకశిలని చెక్కించిన గణపతి స్థపతి పేరు ఎంతమంది చెప్తారు? హైటెక్ సిటీకి వెళ్తూ వస్తూ ఏళ్ళ తరబడి ఆ బుద్ధుణ్ణి చూసే మనలో ఎంతమందిమి చెప్పగలం?

నేననేది సూటిగా ఇదీ: శిల్పి బతికుండగానే, చేతులు ఆడుతుండగానే, ఆయన మొదటి పని నుంచి నిన్నటి పని దాకా అన్నిటినీ వరుసగా పెట్టి, పరిశీలించి, ఒక పుస్తకం వెయ్యాలి. ఇంగ్లీషు వాళ్ళు మోనోగ్రాఫ్ అంటారు. అది తెలుగులో రావాలి.

ఎందుకంత పట్టుదల అంటారా? మన వృత్తి భాషలో చెప్తాను. కాంస్య విగ్రహం మనకి కనిపించే బైనరీ. దాని సోర్స్ మట్టి. శిల్పి ముందు ఇనప చువ్వల గూడు కట్టి, దాని మీద బంకమట్టితో బొమ్మ చేస్తాడు. అసలు కళంతా అక్కడే జరుగుతుంది. ముక్కు ఎత్తు, పెదవి విరుపు, పంచె మడత అన్నీ ఆ మట్టిలోనే తేలతాయి. తర్వాత దాని మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తీస్తారు. అచ్చులో మైనం పూస పోస్తారు, మైనానికి పైపూత వేసి బట్టీలో కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగించిన కంచు పోస్తారు. ఇక మట్టి బొమ్మ? అచ్చు తీసేటప్పుడే చెదిరిపోతుంది. ఆ మట్టినే తడిపి ఇంకో నాయకుడికి వాడతారు. అచ్చు కూడా కొన్నాళ్ళకి పగిలిపోతుంది. అంటే బిల్డ్ అయిన మర్నాడే సోర్స్ డిలీట్ చేస్తున్నాం. బ్యాకప్ లేదు, కామెంట్లు లేవు. ఫోటో తీసి, తేదీ వేసి, ఆ రోజు శిల్పి ఏమనుకున్నాడో రాసి పెట్టకపోతే ఇక అది ఎప్పటికీ దొరకదు.

పోనీ బైనరీ అయినా పదిలమా? రోడ్డు వెడల్పు చేస్తే విగ్రహం కదులుతుంది. జయంతికి ఎవరో అభిమాని డబ్బా బంగారు రంగు కొని కళ్ళతో సహా పులిమేస్తాడు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కొన్ని కూలిపోయాయి, తర్వాత కొత్తవి పెట్టారు. ఆ రాజకీయంలోకి నేను వెళ్ళను. నా ప్రశ్న ఒక్కటే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఏమిటో చెప్పే పుస్తకం మన అల్మారాలో ఎందుకు లేదు?

సరే, మ్యూజియాల దాకా వెళ్ళిన మన శిల్పి సంగతి చూద్దాం. జి. రవీందర్ రెడ్డి గారు 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలో, లండన్‌లో చదువుకున్నారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో శిల్పం నేర్పారు. ఆయన చేసిన ఆడవాళ్ళ తలలు ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. మనిషి ఎత్తుని మించిన తలలు, ఫైబర్‌గ్లాస్ మీద బంగారు రంగు, రెప్ప వెయ్యని పెద్ద కళ్ళు, ఎర్రటి పెదాలు, వెనక్కి తిరిగి చూస్తే కొప్పూ పూలూ. 2001లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని యాండీ వార్హోల్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన జరిగింది. విమర్శకులు పాప్ ఆర్ట్ అన్నారు, యక్షి శిల్పాలతో పోల్చారు. నిజమే కావచ్చు. నా మట్టుకు నాకు మాత్రం ఆ మొహం నరసాపురం చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని, బేరమాడితే తలెత్తి ఒక్క చూపు చూసే మనిషిది. గ్రామదేవతకీ ఆవిడకీ అవే కళ్ళు. ఈ మాట చెప్పడానికి తెలుగు కావాలి. ఆయన మీద రాతలు ఇంగ్లీషులో, నున్నటి కాగితం మీద, గ్యాలరీకి వచ్చేవాళ్ళ కోసం వస్తాయి. ఎవరి మొహం ఆ బొమ్మకి ఆధారమో వాళ్ళ ఇంట్లో పిల్ల చదవడానికి వీలైన భాషలో కూడా రావాలి కదా!

రెండో రకం శిల్పి మనకి ఇంకా దగ్గర. రావులపాలెం పక్కన కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాల. ఆయన చేతి విగ్రహాలు ఎన్ని ఊళ్ళలో నిలబడ్డాయో! అయితే ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు ఇలాంటి పనిని "ఆర్డరు మీద చేసిన బొమ్మలు" అని పక్కన పెట్టేస్తారు. నాకు ఆ వాదన ఎక్కదు. క్లయింట్ అడిగింది చేస్తే అది ఇంజనీరింగ్ కాకుండా పోతుందా? పైగా ఇక్కడ కష్టం ఎక్కువ. చనిపోయిన మనిషి పాస్‌పోర్ట్ ఫోటో ఒకటి ఇచ్చి పన్నెండడుగుల నిలువెత్తు మనిషిని చెయ్యమంటారు. వెనక భాగం ఎవరూ చూపించలేదు, నడక ఎవరూ చెప్పలేదు. అయినా ఆ ఊరివాళ్ళు చూసి "అచ్చం ఆయనే" అనాలి. ఆ నైపుణ్యాన్ని ఎలా అంచనా వెయ్యాలో మనకింకా మాటలే లేవు. మోనోగ్రాఫ్ లాంటి పుస్తకం చెయ్యాల్సిన మొదటి పని ఆ మాటలు తయారుచెయ్యడం.

ఇక్కడ ఇద్దరు అడ్డొస్తారు. మొదటాయన "పేరు చెక్కుకోకపోవడం మన సంప్రదాయం, శిల్పి నిరహంకారి" అంటాడు. వినడానికి బావుంటుంది గానీ పూర్తి నిజం కాదు. కర్ణాటకలో హొయసల గుళ్ళలో శిల్పులు పేర్లు చెక్కుకున్నారు, సోమనాథపురంలో మల్లితమ్మ పేరు ఇప్పటికీ చదువుకోవచ్చు. మన పాలంపేట గుడి కట్టించింది రేచర్ల రుద్రుడైనా, జనం నోట్లో అది రామప్ప గుడి. రామప్ప శిల్పి పేరనే జనం చెప్పుకుంటారు. 2021లో కాకతీయ రుద్రేశ్వర ఆలయంగా యునెస్కో జాబితాకెక్కినప్పుడూ బ్రాకెట్లో రామప్ప పేరు ఉంది. నిరహంకారం శిల్పి చూపిస్తే గొప్ప గుణం. మనం ఆయన మీద రుద్దితే మాత్రం అది ఎగవేతే.

రెండో ఆయన "సన్మాన సంచికలు వేస్తున్నాంగా" అంటాడు. వేస్తున్నాం. ముఖ్యమంత్రితో ఫోటో, మంత్రితో ఫోటో, ఇరవై అభినందన వ్యాసాలు. అందులో విగ్రహం ఉండదు, శాలువా ఉంటుంది :) నేనడిగే పుస్తకంలో ప్రతి పనికీ ఏడాది, ఎత్తు, లోహం, ఊరు, చేయించిందెవరు అన్నవి ఉండాలి. కుదరని విగ్రహాలు కూడా ఉండాలి, ఎందుకు కుదరలేదో శిల్పి నోటితోనే ఉండాలి. శిల్పశాలలో పోత పోసేవాళ్ళ, పాలిష్ పట్టేవాళ్ళ పేర్లుండాలి. గిట్‌లో ప్రతి లైనూ ఎవరు రాశారో చెప్పే 'బ్లేమ్' కమాండ్ మనకి ఉంది. ఇరవై లైన్ల స్క్రిప్టుకి మనం ఇచ్చే గౌరవం ఇరవై అడుగుల కంచుకి ఇవ్వలేమా?

ప్రభుత్వం చెయ్యాలి అని చేతులు దులుపుకోవడం తేలిక. లలిత కళా అకాడమీతో సహా అకాడమీల్ని 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వమే రద్దు చేసింది. విగ్రహాల్ని అంత ఇష్టంగా పెట్టించిన మనిషే ఆ పనీ చేశారు! కాబట్టి అటు చూస్తూ కూర్చుంటే లాభం లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాలు ఇవాళ మనం చూడగలుగుతున్నాం. 1925లో ఆయన పోయేనాటికి ఆయనకి 28 ఏళ్ళు కూడా నిండలేదు, ఇంచుమించు నా వయసు. భార్య సత్యవాణి గారు, వరదా వెంకటరత్నం గారి లాంటి మిత్రులు ఆ బొమ్మల్ని దాచారు కాబట్టి గ్యాలరీ మిగిలింది. దాచింది దగ్గరి మనుషులు, ఏ శాఖా కాదు.

మనం చెయ్యగలిగింది చిన్నదే. పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ సెంటర్లో విగ్రహాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తియ్యండి. ఎవరు చేశారో కమిటీ పెద్దల్ని అడగండి, వాళ్ళకి ఇంకా గుర్తుంటుంది. ఏడాదీ పేరూ రాసి వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తియ్యడానికి 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 ఒప్పుకుంటుంది, భయం అక్కర్లేదు. వంద ఊళ్ళ నుంచి ఇలా పోగైతే ఒక శిల్పి జీవితానికి సరిపడా ముడిసరుకు తయారవుతుంది. రాసేవాళ్ళు అప్పుడు వస్తారు. అచ్చు వెయ్యడానికి డబ్బు కావాలంటే ఎన్ఆర్ఐ మిత్రులు ఎలాగూ విగ్రహాలకి విరాళాలు ఇస్తూనే ఉన్నారు, అందులో పదో వంతు పుస్తకానికి మళ్ళిస్తే చాలు.

ఈసారి మీ ఊళ్ళో విగ్రహం కమిటీ చందాకి వస్తే ఇవ్వండి, వద్దనను. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి. శిలాఫలకం మీద నా పేరు తీసేసి ఆ చోట శిల్పి పేరు వెయ్యండి అని. ఏమంటారు?