పశువుల ఆసుపత్రిలో మన మాట

 

ఈ సంచికలో పశువుల ఆసుపత్రి గురించి రాస్తానని చెప్పగానే మా గదిలో అందరూ నవ్వారు. "గొడ్ల ఆసుపత్రి గురించి ఏటి రాస్తావురా, సినిమా గురించి రాయి" అన్నారు. అయినా రాస్తున్నాను. నవ్విన వాళ్ళే ముందు చదవాలని నా కోరిక.

సంత జరిగే ఊళ్ళో బస్టాండు దాటాక రేకుల షెడ్డు, దాని ముందు ఇనప గొట్టాల చట్రం కనిపిస్తాయి కదా, అదే పశువుల ఆసుపత్రి. ఆ చట్రంలో గొడ్డును నిలబెట్టి కట్టేస్తే తన్నడానికి వీలుండదు. మనం చాలాసార్లు దానిమీద ఎక్కి ఊగాం. లోపల ఎవరెవరు పని చేస్తారో మాత్రం ఏనాడూ చూడలేదు. ఒక డాక్టరు గారు. ఆయన ఇంటరు తర్వాత ఐదున్నర ఏళ్ళు చదివినవారు, బోర్డు మీద వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ అని ఉంటుంది. మనుషుల డాక్టర్లలో గుండెకి ఒకరు, కంటికి ఒకరు ఉంటారు గాని, ఇక్కడ కోడి నుంచి ఎద్దు దాకా, పంటి నుంచి గిట్ట దాకా అన్నీ ఆయనే చూడాలి. ఆపరేషన్లకు వేరుగా, చూడి సంగతులకు వేరుగా చదివిన పెద్ద డాక్టర్లు కావాలంటే జిల్లా పాలీక్లినిక్కుకో, వెటర్నరీ కాలేజీకో పోవాలి. జబ్బు పడ్డ ఎద్దును ఘాట్ రోడ్డు మీద అంత దూరం ఎవరు దింపుతారు? డాక్టరు గారి కింద ఇంజక్షన్లు వేసే ఒక కాంపౌండరు. (ఆయన ఉద్యోగానికి వేరే పెద్ద పేరుంది గాని అందరూ కాంపౌండరు గారనే అంటారు.) చివరికి ఒక అటెండరు. నేను రాయబోయేది ముఖ్యంగా ఈ అటెండరు గురించే.

దసరా సెలవుల్లో ఒకరోజు తెల్లవారుజామున మా ఆవు కట్టు తెంపుకొని రాజ్మా చేలో పడింది. మేము చూసేసరికి కడుపు నిండా పచ్చి రాజ్మా మేసి పడిపోయి ఉంది. తాత, నేను కొండ దిగి, జీపెక్కి ఆసుపత్రికి వెళ్ళేసరికి పది అయింది. తాతకి కువి బాగా వచ్చు, తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు. డాక్టరు గారు "ఏమైందయ్యా?" అన్నారు.

"ఆవుకి కడుపు బాబూ. పడిపోనాది. లేవనేదు" అన్నాడు తాత.

"ఎన్నో నెల?"

"నెల కాదు బాబూ, ఈ తెల్లారే."

డాక్టరు గారు ఏమనుకున్నారంటే, చూడి ఆవు, ఈ తెల్లవారే ఈనింది, ఈనగానే పడిపోయింది. అలా పడిపోతే పాలజ్వరం అంటారట. పేరుకి జ్వరమే గాని ఒళ్ళు చల్లబడుతుందట. ఒంట్లో కాల్షియం తగ్గిపోవడం వల్ల వస్తుంది కనుక కాల్షియం సీసా ఎక్కిస్తారు. ఆయన చదువు ప్రకారం ఆయన సరిగ్గానే ఆలోచించారు. కాంపౌండరు గారిని పిలిచి కాల్షియం సీసాలు సర్దమన్నారు. తాత చేతులతో కడుపు ఉబ్బినట్టు చూపిస్తున్నాడు. చూడి కడుపు కూడా అలాగే ఉంటుంది కదా!

అప్పుడు నేనెక్కడున్నాను? తాత పక్కనే ఉన్నాను. నాకు కువి వచ్చు, తెలుగు వచ్చు, పోయిన పరీక్షలో తెలుగులో 84 మార్కులు. కాని అక్కడ బొచ్చుకుక్క పిల్లను పట్టుకొని ఒక టౌను అమ్మాయి, వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు తాతతో కువిలో మాట్లాడడానికి నాకు సిగ్గేసింది. రెండడుగులు వెనక్కి జరిగి, గోడ మీద పటాలు చదువుతున్నట్టు నటించాను. ఇది రాయకూడదనుకున్నాను, కాని రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

షెడ్డులో ఎవరిదో మేకను పట్టుకొని ఉన్న అటెండరు మావ తాత మొహం చూసి లోపలికి వచ్చాడు. కువిలో ఒకటే ప్రశ్న అడిగాడు, ఏం మేసిందని. తాత గడగడా చెప్పేశాడు. "ఈనడం కాదు సార్, పచ్చి రాజ్మా మేసి ఉబ్బిపోయింది" అని మావ చెప్పగానే డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఉబ్బరం మందు, పొట్టలో గ్యాసు తీసే గొట్టపు సూది తీసుకొని తాతను తన మోటారు సైకిలు మీదే ఎక్కించుకున్నారు. మేము వెనక జీపులో. రోడ్డు అయిపోయాక ఆయన చెప్పులు చేత పట్టుకొని మాతో కొండ ఎక్కారు. మేము చేరేసరికి ఆవు చచ్చిపోయింది. ఎంతోసేపు కాలేదు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

దిగేటప్పుడు డాక్టరు గారు నన్ను అడిగారు, "తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నావు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని. నేను జవాబు చెప్పలేదు.

అటెండరు మావ ఇంకో మాట చెప్పాడు. ఎడమ డొక్క ఉబ్బి, వేలితో కొడితే డప్పులా మోగితే అది ఉబ్బరం. పెద్ద గొడ్డుకైతే వెంటనే పావు లీటరు వంటనూనె పొలమారకుండా నెమ్మదిగా పట్టించి, ముందు కాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి మనిషిని పంపాలట. ఆ రోజు మా ఇంట్లో నూనె ఉంది. చెప్పిన వాళ్ళు లేరు.

ఇక నా అభిప్రాయం. ఆసుపత్రి వాళ్ళది తప్పని నేను అనడం లేదు. కాని ఆసుపత్రి మన మాటలో మాట్లాడటం లేదు. గోడ మీద నేను చదివినట్టు నటించిన పటాలన్నీ జెర్సీ ఆవులవి, పాల దిగుబడివి. మా ఊళ్ళో ఆవు పాలు పిండరు, దూడకే వదిలేస్తారు. మాకు ఆవు అంటే దుక్కి, ఎరువు, పెళ్ళి ఇచ్చిపుచ్చుకోవడాలు. మా తాత ఆ గోడ వైపు చూసి ఏం తెలుసుకుంటాడు? 2022లో సంచార పశువైద్య బళ్ళు వచ్చాయి, 1962కి ఫోన్ చేస్తే చాలన్నారు. మంచిదే. కాని ఫోనుకి సిగ్నలు కొండ కొసన వస్తుంది, అక్కడికి ఎక్కి తాత మళ్ళీ "కడుపు బాబూ" అనే అంటాడు.

దొమ్మరోగం సంగతి ఇంకా భయం. దానినే ఆంథ్రాక్స్ అంటారు. మన ఏజెన్సీలో చచ్చిన మేకనో గొడ్డునో కోసి తిన్నవాళ్ళకు చేతుల మీద నల్లటి పుండ్లు లేచి ఆసుపత్రి పాలైన సంగతి పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. ఆ పుండు నొప్పి పెట్టదు, అందుకే ఎవరూ లెక్క చేయరు. గొడ్డు ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గింజలాగా గట్టిపడి మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. పేపర్ల వాళ్ళు "అవగాహన లేక తిన్నారు" అని రాస్తారు. ఏడాదికి నాలుగుసార్లు మాంసం వండే ఇంట్లో, చేతికొచ్చిన మేకను పూడ్చమని చెప్పాలంటే, ఎందుకో వాళ్ళ మాటలో చెప్పాలి. తెలుగు కరపత్రం ఇచ్చి వెళ్ళిపోతే అది చుట్టకు పనికొస్తుంది.

మరి ఎప్పుడూ ఇంతేనా అంటే కాదు. తాత చిన్నప్పుడు ముసర వ్యాధి వస్తే మందలకు మందలే పోయేవట. టీకాలవాళ్ళు ఐసు పెట్టెలు మోసుకొని కొండలెక్కి ఊరూరా తిరిగేవారట. మన దేశంలో ఆ జబ్బు చివరిసారి 1995లో కనిపించింది, 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. నడిచి వచ్చి, కూర్చొని చెప్పిన మనుషుల వల్ల కూడా అది పోయిందని నేననుకుంటాను.

కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా మాటల్లో చిన్న తరగతులకు తెలుగు లిపితో పుస్తకాలు వేశారు కదా, అలాగే ఆసుపత్రి గోడ మీద నాలుగు మాటలు రాయించడం అంత కష్టమా? పెద్దవాళ్ళు రాయించకపోతే మనమే రాయవచ్చు. మన హాస్టల్లో మన మాట మాట్లాడొద్దని ఎవరూ అనలేదు, మనమే మానేశాం. పదో తరగతి తర్వాత ఏం చదవాలని అడిగితే అందరం పోలీసు, టీచరు అంటాం. పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది, పది పాసైతే చాలు అప్లికేషను పెట్టవచ్చు. నాకు ఇంకా నిశ్చయం లేదు గాని అది ఒకసారి అడిగి తెలుసుకుందామని ఉంది.

వార్డెను గారికి ఒక మనవి. ఒక ఆదివారం సాయంత్రం డాక్టరు గారిని, ఆయనతోపాటు అటెండరు మావను కూడా హాస్టలుకి పిలవండి. డాక్టరు గారికి కుర్చీ వేసి మావను గుమ్మం దగ్గర నిలబెట్టకుండా ఇద్దరికీ కుర్చీలు వేద్దాం.

చార్టు నిండిపోతోంది, కింద ఎనిమిదో తరగతి వాళ్ళ పొడుపు కథలకు చోటు వదలాలి. చివరగా ఒక పని. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు, ఉబ్బరం, దొమ్మ, కోళ్ళకొచ్చే కొక్కెర తెగులు, వీటిని మీ ఊళ్ళో మీ మాటలో ఏమంటారో నాకు రాసివ్వండి. తెలియకపోతే సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు తాతనో అవ్వనో అడిగి రండి. కిటికీ పక్కన మూడో ట్రంకు పెట్టె నాది. రాత్రి స్టడీ అవరు అయ్యాక ఎప్పుడైనా రావచ్చు.

— 9వ తరగతి విద్యార్థి