పెద్ద సంఖ్యని చూసి భయపడొద్దు!

‘గైడులో ఉంది’ అని లెక్కలు బట్టీ పట్టడం మన హాస్టల్లో ఎక్కువైంది. అది మంచిది కాదని నా అభిప్రాయం.

ఫ్రాన్సు దేశపు గణిత మేధావి ఫెర్మా 3, 5, 17, 257, 65537 అనే సంఖ్యలు చూశాడు. ఒకదాంట్లోంచి 1 తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, 1 కలిపితే తర్వాతది వస్తుంది. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి ఆరోది, అంటే 4,29,49,67,297 కూడా ప్రధాన సంఖ్యే అనుకున్నాడు.

అంత పెద్దాయన అన్నాడు గదా అని ఆయిలర్ ఊరుకోలేదు. 641తో భాగిస్తే శేషం సున్నా వస్తుందని 1732లో చూపించాడు. భాగఫలం 67,00,417. ఆ 641ని కనిపెట్టడానికి మేధావి కావాలి. సరిచూడ్డానికి మాత్రం మనకొచ్చిన భాగహారం చాలు. స్టడీ అవర్లో చేసి చూడండి.

అయిదుసార్లు నిజమైంది ఆరోసారి తప్పింది చూశారా! ‘గిరిజన పిల్లలకి లెక్కలు రావు’ అనే మాట కూడా మనం చాలాసార్లు విన్నాం. విన్నంత మాత్రాన అది నిజమైపోదు. లెక్క చేసి చూపిద్దాం. ‘ఎందుకు?’ అని అడిగితే కోప్పడొద్దని సార్లకు మనవి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి