ఒక దిర్హం తిండికి, ఒక దిర్హం గొడ్డలికి

రమజాన్ వచ్చిందంటే మన ఊళ్ళలో జకాత్ సొమ్ము కదులుతుంది. బియ్యం, నూనె, సేమ్యా, ఖర్జూరాల సంచులు ఇంటింటికీ చేరతాయి. పండగనాడు పేదింట పొయ్యి వెలగాలి కాబట్టి దాన్ని తప్పుపట్టేవారు ఉండరు. కొన్నేళ్ళుగా మన దాతలు యువకుల ఉపాధి మీద కూడా దృష్టి పెడుతున్నారు. కుట్టు మిషన్లు పంచుతున్నారు, కంప్యూటర్ సెంటర్లు తెరుస్తున్నారు. సంతోషించవలసిన విషయమే. కానీ నిరుడు నేర్చుకున్నవారిలో ఈనాడు ఎందరు ఆ పని మీద బతుకుతున్నారని అడిగి చూడండి. చాలాచోట్ల ప్రారంభోత్సవం ఫోటోలు చూపిస్తారు.

దాత భవనానికి ఇస్తాడు, మిషన్లకు ఇస్తాడు, గోడమీద తన పేరు చెక్కిన రాయికీ ఇస్తాడు. నేర్చుకునే కుర్రాడి ఇల్లు ఆ ఆరునెలలు ఎలా గడుస్తుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు దుకాణంలో సామాన్లు మోసి తెచ్చే కూలితో ఇంటి అద్దె కడుతున్నాడనుకోండి. అతన్ని ఉచిత శిక్షణకు రమ్మంటే ఎలా వస్తాడు? ఫీజు ఉచితమే, పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? పది రోజులు వచ్చి మానేస్తాడు. అప్పుడు మనం, ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదని మస్జిద్ అరుగు మీద కూర్చుని తీర్పు చెబుతాం.

అబూదావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. అన్సార్లలో ఒక పేదవాడు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సాయం అడిగాడు. ఇంట్లో ఏమున్నాయని ఆయన విచారించారు. కొంత కప్పుకుని కొంత పరుచుకునే ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అంటే, ఇంకా ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని మళ్ళీ మళ్ళీ అడిగి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హంతో ఇంటివారికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులదాకా నాకు కనబడవద్దని పంపారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగివచ్చాడు.

భిక్షాటన కూడదని చెప్పేందుకు ఈ హదీసును మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తారు. అది సరే. దాతలు చూడవలసింది ఆ రెండు దిర్హముల పంపకాన్ని. మొదటి దిర్హం గొడ్డలికి పోలేదు. ఆకలితో ఉన్న ఇంటిని వదిలి మనిషి అడవికి పోలేడు కనుక ముందు ఇంటికి అన్నం, ఆ తర్వాతే పనిముట్టు. ఇక పదిహేను రోజుల గడువు! అది ఊరికే పంపించేయడం కాదు, ఫలితం ఏమైందో తెలుసుకునేందుకు పెట్టిన గడువు కూడా. మన శిక్షణా కేంద్రాలలో ఎన్నింటికి ఆ పదిహేనో రోజు ఉంది?

శిక్షణకు జకాత్ ఇవ్వవచ్చా అని నన్ను అడిగేవారు ఉన్నారు. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో మొదట వచ్చేది నిరుపేదలు, అగత్యపరులే. అయితే హనఫీ ఉలమాల ప్రకారం ఆ సొమ్ము పేదవాడి చేతికి అతని సొంత ఆస్తిగా చేరాలి. దీన్నే తమ్లీక్ అంటారు. అందువల్ల కేంద్రం అద్దె, టీచరు జీతం, ప్రారంభోత్సవం షామియానా జకాత్‌లోంచి నేరుగా చెల్లించరాదు. వాటికి సదఖా, విరాళాలు వేరే ఉండాలి. ఈ షరతు అడ్డంకి అని కొందరు నిర్వాహకులు విసుక్కుంటారు. నా మటుకు నాకు ఇదే మంచి దారిగా కనిపిస్తుంది. నెలనెలా ఇంటి ఖర్చు, చివర పనిముట్ల పెట్టె నేరుగా కుర్రాడికి ఇస్తే తమ్లీక్ నెరవేరుతుంది, వాడి కష్టమూ తీరుతుంది. వృత్తి తెలిసిన పేదవాడికి అతని పనిముట్ల ఖరీదు జకాత్ నుంచి ఇవ్వాలని షాఫయీ ఇమాముల్లో నవవీ (రహ్మ) రాశారు. ఒకే మనిషికి నిసాబ్ అంత సొమ్ము ఒక్కసారిగా ఇవ్వడం హనఫీలలో మక్రూహ్. అప్పులున్నవాడికి, పెద్ద సంసారం ఉన్నవాడికి మినహాయింపు ఉంది. పైగా నెలనెలా ఇచ్చేచోట ఆ ప్రశ్నే రాదు.

సర్కారు కూడా ఈ లెక్క గ్రహించింది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో శిక్షణ కాలానికి రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల సాయం పెట్టారు. దర్జీ, వడ్రంగి, తాపీ మేస్త్రీ మొదలైన 18 వృత్తులకు అది వర్తిస్తుంది. మోటారు మెకానిక్, వెల్డర్, కరెంటు పనివాడు ఆ 18లో లేరు. మన పిల్లలు ఎక్కువగా కనిపించేది ఆ షెడ్లలోనే కదా!

ఆ షెడ్ల పని కూడా మారిపోయింది. కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి, చెవితో ఇంజను చప్పుడు విని లోపం చెప్పే ఉస్తాదులు మనలో ఎందరో. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు రావడంతో కొత్త మోటారు సైకిళ్ళలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపం పట్టాలంటే స్కానర్ తగిలించాలి. ఆ వెనకే బ్యాటరీ బండ్లు వచ్చాయి. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న కుర్రాడికి స్కానర్ వాడకం, బ్యాటరీ బండ్ల మరమ్మతు మరో నాలుగు నెలలు నేర్పించగలిగితే వాడు నిలుస్తాడు. ఇంకో కంప్యూటర్ సెంటర్ తెరిచి టైపింగు నేర్పితే ఏమవుతాడో చెప్పలేం.

ఆడపిల్లల విషయమూ ఇంతే. మిషన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే, కటింగ్ రాని పిల్ల ఫాల్స్ కుడుతూ మిగిలిపోతుంది. కటింగ్ నేర్పి, మొదటి మూడు నెలలు బట్ట అప్పుగా ఇప్పించగల దుకాణాన్ని చూపిస్తే ఆ మిషన్ మూలన పడదు.

పెద్ద సంస్థలే పూనుకోవాలని లేదు. మొహల్లా మస్జిద్ కమిటీ ఏడాదికి ముగ్గురిని ఎంచుకున్నా చాలు. జకాత్ ఇచ్చేవారు తమ అక్క కొడుకుని, తమ్ముణ్ణి చూసినా మేలే. వారు పేదవారైతే జకాత్ చెల్లుతుంది, బంధుత్వం నిలిపిన పుణ్యమూ దక్కుతుంది. ఉస్తాద్‌కు ఇవ్వవలసిన ఫీజు కూడా కుర్రాడి చేతికే ఇచ్చి, వాడిచేతే చెల్లించమనండి. ఖజాంచీ తన పుస్తకంలో ఇచ్చిన తేదీ పక్కన ఇంకొక గడి గీసుకోవాలి. ఆరునెలల తర్వాత షెడ్డుకు స్వయంగా వెళ్ళి, వాడి సంపాదన ఎంతో అడిగి ఆ గడి నింపాలి.