ప్లాస్టిక్‌లోనూ కరెంటు పారుతుంది

ప్లాస్టిక్ విద్యుత్ బంధకమని మనమంతా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. అది పూర్తి నిజం కాదు. పాలీఎసిటిలీన్ అనే ప్లాస్టిక్ పొరకు అయోడిన్ ఆవిరి పట్టిస్తే దాని వాహకత కోటి రెట్లు పెరుగుతుందని 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ చూపారు. 2000లో వారికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పాలిమర్ గొలుసులో ఏకబంధం, ద్విబంధం ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అయోడిన్ కొన్ని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. భోజనాల బంతిలో ఒకరు లేస్తే పక్కవారు జరిగినట్టు, ఆ ఖాళీలోకి పక్క ఎలక్ట్రాన్ వస్తుంది. ఆవేశం అలా గొలుసు వెంట సాగుతుంది. కష్టమంతా ఒక గొలుసు నుంచి మరో గొలుసుకు దూకడంలోనే. గొలుసులు చిక్కుపడితే అక్కడే ఆగుతుంది. నానో తంతువుల్లో అవి దగ్గరగా, వరుసగా ఉంటే దూకడం తేలిక.

కంఠస్థం చేసిన నిర్వచనంతో చదువు ఆగకూడదని మా అభిప్రాయం. "హాస్టల్ పిల్లలకు సైన్స్ గ్రూపు ఎందుకు?" అన్న మాట కూడా అలాంటి సగం నిజమే. మేం ఆగిపోయేది పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్యనే. పూర్వ విద్యార్థులైన అన్నలారా, అక్కలారా! అక్కడ చేయి అందించండి. దూకడం మా వంతు.