కావలికుక్క మూతికి త్రాడు

ముంగిట కావలియున్న కుక్క అర్ధరాత్రమున మొరిగినచో దీపము చేతబట్టి వెలుపలికి వచ్చి చూచుట గృహస్థధర్మము. నిద్రాభంగమైనదని విసిగి, దాని మూతికి త్రాడు బిగించి మరల పండుకొనువానిని చూచి లోకము నవ్వును. అట్టివాని యింట దొంగలు పడినచో జాలిపడువారైనను ఉండరు. అయినను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు మన యువకులలో పలువురు నేడు చేయుచున్న పని యిదియే. తాము నిర్మించిన సాఫ్ట్‌వేరు దూరపు సర్వరుతో సురక్షితముగా సంబంధము కలుపుకొనలేక మొరపెట్టినపుడు, మొరకు కారణము వెదకుటకు మారుగా మొరపెట్టు శక్తినే తీసివేయుచున్నారు. ఇది పనివారిలో పనివారికి సంబంధించిన చిన్న లోపమని తలపరాదు. జనుల సొమ్మును రహస్యములును దీనిపై ఆధారపడియున్నవి. కావుననే ఈ విషయమును పాఠకుల యెదుట పెట్టుచున్నాము.

అంగడివాడు పన్నులెక్కలు పంపుకొను సాఫ్ట్‌వేరు, వైద్యుని బల్లమీద రోగుల వివరములు దాచు సాఫ్ట్‌వేరు, కార్యాలయమున జీతముల పట్టీ కట్టు సాఫ్ట్‌వేరు, ఇవి బ్రౌజరుతో నిమిత్తము లేకయే తమంతట తాము ఇంటర్నెట్టు ద్వారా సర్వరుతో మాటలాడును. ఆ సంభాషణకు వలయు పనిముట్లను ప్రోగ్రామరు స్వయముగా చేసికొనడు. సిద్ధముగా నున్న లైబ్రరీలను తెచ్చుకొనును. ఈ లైబ్రరీ మన పఠనమందిరము వంటిది కాదు. ఒకరు వ్రాయగా వేలమంది తమ పనిలో చేర్చుకొను ప్రోగ్రాము భాగముల సముదాయమునకు ఆ పేరు పెట్టిరి. స్వీడను దేశమున డానియెల్ స్టెన్‌బర్గ్ 1998 నుండి సాకుచున్న కర్ల్, రహస్యలిపి పనులకు ప్రసిద్ధమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు నిర్మాణమునకు వాడు క్యూటీ మొదలగునవి ఇట్టివి.

ఈ లైబ్రరీలు పాటించు రక్షణపద్ధతికి టీఎల్‌ఎస్ అని పేరు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ వెలువరించిన ఎస్‌ఎస్‌ఎల్ దీనికి మాతృక. 2018 ఆగస్టులో టీఎల్‌ఎస్ 1.3 ప్రకటింపబడినది. దీని ధర్మములలో ముఖ్యమైనవి రెండు. దారిలో పరులకు తెలియకుండ మాటలను మరుగుపరచుట మొదటిది. ఎదుటనున్నవాడు తాను చెప్పుకొనుచున్నవాడే యగునా యని నిర్ణయించుట రెండవది. ఈ నిర్ణయమునకై సర్వరు ఒక సర్టిఫికేటును చూపును. దానిమీద సాక్షి సంస్థ సంతకముండును. ఆ సంస్థకు మరియొక సంస్థ సాక్షి. ఆ వరుస కడకు మన కంప్యూటరు ముందే నమ్మియున్న మూలసంస్థను చేరవలెను. సర్టిఫికేటులోని పేరు మనము పిలిచిన పేరుతో సరిపోవలెను, గడువు దాటకుండవలెను. ఇందేది తప్పినను లైబ్రరీ సంబంధమును నిరాకరించును. అదియే కుక్క మొరుగుట.

ఇచ్చట తప్పుదారి యొకటి సులభముగా దొరకును. క్యూటీలో ‘ఇగ్నోర్ ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్స్’ అను ఆజ్ఞ యొకటి. కర్ల్‌లో పరీక్షను సున్నచేయు అమరిక యొకటి. ఇంచుమించుగా ప్రతి లైబ్రరీలోను ఇట్టిది యున్నది. ఒక్క పంక్తి వ్రాసినచో మొర ఆగిపోవును, పని సాగును, పైయధికారి సంతసించును. ‘ఇది తాత్కాలికము’ అని ప్రక్కన వ్రాసికొందురు. ఆ పంక్తి అట్లే వేలకొలది ఇండ్లకు చేరును. మాటలు రహస్యలిపిలోనే పోవుచుండును గనుక పైకి లోపమేమియు కానరాదు. అయితే ఆ రహస్యము ఎవనితో? దారిలో కూర్చున్న మోసగాడు తానే సర్వరునని చెప్పినను ఈ సాఫ్ట్‌వేరు నమ్మును. ఉత్తరమునకు లక్కముద్ర వేసి, చిరునామా చూడక, ఎదుట కనబడినవాని చేతికిచ్చినట్లు!

ఈ దోషము మనవారిదే యనుకొని క్రుంగవలసిన పనిలేదు. 2012లో టెక్సాస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు బ్రౌజరు కాని సాఫ్ట్‌వేరులలో ఈ పరీక్ష ఎట్లు జరుగుచున్నదో శోధించి, పేరుమోసిన వాణిజ్య సంస్థల లైబ్రరీలలోను అది విఫలమగుచున్నదని నిరూపించిరి. అందొక విషయము మిక్కిలి చింతనీయము. కర్ల్ లైబ్రరీలో పేరు సరిపోల్చుటకు నిర్ణయించిన అంకె 2. ప్రోగ్రామర్లు పరీక్ష జరుగవలెనను సదుద్దేశముతోనే ‘అవును’ అని వ్రాసిరి; యంత్రభాషలో అవును అనగా 1; ఆ 1కి అర్థము సర్టిఫికేటులో ఏదో యొక పేరుండిన చాలునని! అమెజాన్ వారి చెల్లింపుల లైబ్రరీ యొకటి ఈ పొరపాటుననే చిక్కెను. ఆ యేటనే కర్ల్ నిర్మాతలు ఆ 1ని చెల్లని అంకెగా మార్చిరి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ప్రోగ్రాములో ఒకే పంక్తి పొరపాటున రెండుమార్లు పడి, సర్వరు సంతకమును సరిచూచు ఘట్టమే దాటిపోయినట్లు బయటపడెను. సరియైన సర్వరుతో సంబంధము కుదిరినదా యని మాత్రమే చూచి తృప్తిపడుటవలన ఇట్టివి కంటబడవు. దొంగ సర్టిఫికేటును చూపి, దానిని సాఫ్ట్‌వేరు త్రోసిపుచ్చినదా యని పరీక్షించినవాడే నిజముగా పరీక్షించినవాడు.

కారణము వెదకుట అంత దుష్కరమా? కాదు. వైద్యుడు నాడి చూచునట్లు వరుస తప్పక చూచినచో చాలవరకు తేలిపోవును. కంప్యూటరు గడియారము తప్పుగా నున్నదేమో మొదట చూడవలెను. తేది వెనుకబడినచో క్రొత్త సర్టిఫికేటు ఇంకను పుట్టనట్లే తోచును. బ్రౌజరులో తెరచుకొనుచున్నది గాని సాఫ్ట్‌వేరులో కాదన్నచో, సర్వరు నడిమి సాక్షి సర్టిఫికేటును పంపుట మానియుండవచ్చును. కొన్ని బ్రౌజర్లు ఆ కొరతను తామే పూరించుకొనును. అనేక లైబ్రరీలు పూరింపవు. తప్పు సర్వరుదైనపుడు శిక్ష సాఫ్ట్‌వేరునకు వేయరాదు.

మూలసంస్థల జాబితా పాతబడుటయు కలదు. 2021 సెప్టెంబరు 30వ తేదీన ‘డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3’ అను మూలసర్టిఫికేటు గడువు తీరగా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 మీద ఆధారపడిన సాఫ్ట్‌వేరులు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికేట్లు గల అనేక సర్వరులను నమ్మ నిరాకరించెను. క్రొత్త మూలము జాబితాలో నున్నను ఆ పాత లైబ్రరీ గడువు తీరిన దారినే పట్టి పోవుట దానికి కారణము. ఇక పద్ధతుల పొత్తు కుదరకపోవుట యొకటి. టీఎల్‌ఎస్ 1.0, 1.1 రూపములను 2021 మార్చిలో ప్రమాణకర్తలు త్యజించిరి. సర్వరులు వానిని మూసివేయగా పాత సాఫ్ట్‌వేరులు వీథిలో నిలిచిపోయినవి. కార్యాలయపు ప్రాక్సీయో, యాంటీవైరసో నడుమ నిలిచి తన సర్టిఫికేటును చూపుటయు కలదు. అట్టిచోట ఆ కార్యాలయపు మూలమును సాఫ్ట్‌వేరునకు పరిచయము చేయవలెను గాని అందరిని నమ్ముమని చెప్పరాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చు ఎస్-క్లయింట్ అను ఉచిత పనిముట్టు సర్వరు చూపిన సర్టిఫికేట్ల వరుసను కంటియెదుట పరచును. అర్ధగంట యోపిక యున్నచో ఇందులో పెక్కింటిని నిర్ణయింపవచ్చును.

నిర్మాత బల్లమీద నడచి, కొన్నవాని యింట నడవకుండుట మరియొక చిక్కు. నిర్మాత కంప్యూటరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫైళ్లు ముందే యుండును. కొన్నవాని కంప్యూటరులో నుండవు. ఉన్నను, 1.0.2 కొరకు కట్టిన క్యూటీకి 1.1.1 ఫైళ్లు పనికిరావు. 64 బిట్ల ప్రోగ్రామునకు 32 బిట్ల ఫైళ్లు పనికిరావు. ఏ రూపముతో కట్టబడినదో, ఏ రూపము దొరికినదో క్యూటీయే అడిగినచో చెప్పును, అడుగువాడు కావలెను. అసలు ఆ ఫైళ్లను కలిపి యీయకపోవుటకు క్యూటీ నిర్మాతలు చెప్పిన హేతువు కొన్ని దేశముల ఎగుమతి దిగుమతి శాసనములు. ఈ శాసనముల చరిత్ర మనవంటివారు మరువరానిది.

1990 ప్రాంతముల అమెరికా ప్రభుత్వము రహస్యలిపిని యుద్ధసామగ్రితో సమానముగా నెంచి, పరదేశములకు పంపు సాఫ్ట్‌వేరులో బలహీనమైన తాళములే యుండవలెనని కట్టడి చేసెను. తమకు గట్టి తాళము, పరులకు 40 బిట్ల తాళము! ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు పూర్వరూపమైన ఎస్‌ఎస్‌లీ ఆస్ట్రేలియావాసి ఎరిక్ యంగ్ చేత ఆ శాసనపు టెల్లకు వెలుపల వ్రాయబడుటచే లోకమునకు గట్టి తాళము ఉచితముగా దొరకెను. 2000లో కట్టడి సడలినది. కాని పరులకై చేసిన ఆ చిల్లి తాళములు ప్రోగ్రాములలో అట్లే పడియుండి, 2015లో ఫ్రీక్, లాగ్‌జామ్ అను పేర బయటపడి, తాళము చేసినవారి దేశములోని సర్వరులనే అపాయమున పడవేసెను. రక్షణను బుద్ధిపూర్వకముగా సడలించిన చోట ఆ సడలింపు తాత్కాలికముగా ఉండదనియు, పరులకే పరిమితము కాదనియు ఇందలి నీతి. మన ప్రోగ్రామరు వ్రాయు ఆ ఒక్క పంక్తి కూడ ఈ జాతిదే. భేదమొక్కటే: నాడు పరప్రభుత్వము మనకు చేసినదానిని నేడు మన ప్రజలకు మనమే చేయుచున్నాము.

మన మూలసంస్థలను పరులు నమ్మరేమి యని కొందరు స్వాభిమానముతో ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు పూర్వచరిత్ర యున్నది. 2014 జూలై 2వ తేదీన గూగుల్ సంస్థ తన డొమైనుల పేర అక్రమ సర్టిఫికేట్లు వెలువడినట్లు కనుగొనెను. అవి మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు సర్టిఫికేటు విభాగమునుండి వెలువడినవి. దానికి పై సంస్థయైన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ మూలము మైక్రోసాఫ్ట్ జాబితాలో నుండుటచే, విండోస్ జాబితాను అనుసరించు సాఫ్ట్‌వేరులకు అపాయము కలిగెను. జారీచేయు పద్ధతియే చెరుపబడినదనియు, అక్రమపత్రములు నాలుగే యనియు మనవారు తెలిపిరి. తామెరిగినవి అంతకంటె ఎక్కువయని గూగుల్ బదులు చెప్పెను. 2023 ఆగస్టులో మన ప్రభుత్వము మన మూలమును నమ్ము స్వదేశీ బ్రౌజరు కొరకు 3.41 కోట్ల రూపాయల పోటీ ప్రకటింపగా, 2025 మార్చిలో జోహో సంస్థ ప్రథమస్థానము పొందినది. సంతోషమే. కాని నమ్మకము పతాకము చూచి పుట్టునది కాదు. లెక్కలు తెరచి చూపుట వలనను, తప్పును తక్షణమే ఒప్పుకొనుట వలనను పుట్టునది. పైగా ఎవరిని నమ్మవలెనో నిర్ణయించుకొను అధికారము మనకు కావలెనని కోరుచునే, ఆ నిర్ణయముచేయు పరీక్షనే మన సాఫ్ట్‌వేరులో చంపివేసినచో ఆ అధికారమునకు అర్థమేమి? అందరిని నమ్మువానికి స్వాతంత్ర్యమేల?

‘లోపలి నెట్‌వర్కే కదా’ యని కొందరందురు. లోపలి సర్వరునకు లోపలి మూలమును చేసికొని, దానినొక్కదానినే నమ్ముట ఒక పూట పని. ‘గడువు ముంచుకొని వచ్చినది’ అని మరికొందరందురు. గడువునకై గోడ కట్టుట మానిన మేస్త్రిని ఎవరును మెచ్చరు. ‘సర్వరు మాది కాదు’ అందురు. అట్లైనచో ఎస్-క్లయింట్ చూపినదానిని జతచేసి సర్వరువారికి వ్రాయుడు. తప్పు దిద్దించుట పనివాని ధర్మములోనిదే.

యువకులను మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. కళాశాలలలో సంబంధము కలుపుట నేర్పుచున్నారు గాని, అది కలియనపుడు ఎందుకు కలియలేదో వెదకుట నేర్పుటలేదు. దానిని పాఠముగా పెట్టవలెను. హైదరాబాదు మొదలగు పట్టణములలోని సంస్థాధిపతులు, పరీక్ష తీసివేయు పంక్తి యున్న సాఫ్ట్‌వేరు గడప దాటరాదని కట్టడి చేయవలెను. ప్రభుత్వ కార్యాలయములు సాఫ్ట్‌వేరు కొనునపుడు, దొంగ సర్టిఫికేటును చూపి దానిని నిరాకరించిన సాఫ్ట్‌వేరునకే సొమ్ము చెల్లించుట నియమము కావలెను. ఉచితముగా తెచ్చుకొను లైబ్రరీలకు మనము ఋణపడియున్నామని గూడ గుర్తుంచుకొందము. 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అను లోపము ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడినపుడు, లోకమంతయు ఆనుకొనియున్న ఆ లైబ్రరీకి విరాళములుగా చేరుచున్నది ఏటికి సుమారు 2000 డాలర్లే యని తెలిసి అందరును విస్తుపోయిరి. వాడుకొనుట మాత్రమే మన పాలు కాక, దోషములు వెదకి దిద్దుటలోను, పోషించుటలోను మన వంతు మనము చెల్లించిననాడు మనది స్వశక్తి యని చెప్పుకొనవచ్చును.

కుక్క మొరిగినపుడు లేచుట కష్టమే. కాని అది మొరిగినది మనకొరకు. దీపము వెలిగించుకొని వెలుపలికి పోయి చూతము.