పడమటి మండలాలు, బెంగళూరు కొలువులు

పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు అమరావతి, హైదరాబాదుల కంటె బెంగళూరు ఎన్నో రెట్లు దగ్గర కావడం వల్ల, అక్కడ చదువు ముగించిన యువతీయువకులు కార్యాలయ ఉద్యోగం కోసం బయలుదేరేటప్పుడు మరొక నగరాన్ని తలచుకోవలసిన అవసరం సాధారణంగా రాదు. మదనపల్లె నుంచి బెంగళూరు దాదాపు 120 కిలోమీటర్లు కాగా, కుప్పం నుంచి రైలు దారిన సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు మార్గాన ఇంత దూరం రోజూ పోయిరావడం కష్టమే గాని, ఊళ్లోని ఇంటిని, పొలాన్ని, తల్లిదండ్రులను పూర్తిగా విడిచి నగరంలో స్థిరపడవలసినంత దూరం మాత్రం కాదు. అందుచేత శుక్రవారం రాత్రి ఊరికి చేరి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సెక్కే జీవనవిధానం ఒకటి ఇక్కడ పాతుకుపోయింది. ఈ విధంగా బతుకుతున్నవారికి రెండు రాష్ట్రాల చట్టాల్లోను, పథకాల్లోను, రవాణా ప్రణాళికల్లోను చోటు దొరకకపోవడం వారి ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం.

సరిహద్దు దాటి జీతానికి పోవడం ఈ నేలకు కొత్త కాదు. 1880 దశకంలో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిషు సంస్థ మైసూరు సంస్థానంలోని కోలారు బంగారు గనుల్లో యంత్రాలతో తవ్వకం మొదలుపెట్టాక, పక్కనే మద్రాసు రాజధానిలో ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల నుంచి తమిళులు, తెలుగువారు పెద్ద సంఖ్యలో కూలికి వెళ్లారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కుప్పం, పుంగనూరు ప్రాంతాలు ఆ జిల్లాలోనివే. గని యాజమాన్యం బావుల చుట్టూ వరుసలుగా చిన్న ఇళ్లు కట్టించింది, వాటిని లైన్లు అని పిలిచేవారు. అవి ఇరుకైనవే, సదుపాయాలు అంతంతమాత్రమే, అయినా పనికి పిలిచినవారే తలదాచుకునే చోటు చూపాలన్న బాధ్యత ఒకటి ఆ ఏర్పాటులో ఉండేది. నేటి కార్యాలయాలు ఆ బాధ్యతను పూర్తిగా ఉద్యోగి మీదికి నెట్టాయి.

ఆ గనుల చరిత్రలో పడమటి మండలాల వారు గమనించవలసిన ఘట్టం వాటి మూసివేత తరువాతిది. అప్పటికి ఒక ప్రభుత్వ రంగ సంస్థ చేతిలో ఉన్న కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అదే సంస్థ కుప్పం సమీపంలో నడిపిన చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. బతుకుతెరువు ఒక్కసారిగా పోయిన ఆ గనుల పట్టణం ఖాళీ అయిపోవడమే సహజమని ఎవరైనా అనుకుంటారు. కాని గనుల కోసం వేసిన రైలుమార్గం అక్కడ మిగిలి ఉండడం వల్ల, గనుల దగ్గరి మారికుప్పం స్టేషను నుంచి పొద్దున్నే బయలుదేరే రైళ్లలో వేలాదిమంది బెంగళూరుకు పనికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఉద్యోగం నగరంలో ఉన్నంత మాత్రాన కాపురం కూడా నగరానికి మారిపోవలసిన నియమమేదీ లేదనడానికి, దానికి కావలసింది వేళకు నడిచే రైలేననడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం దొరకదు.

ఈ దృష్టితో చూస్తే మూడు పట్టణాల స్థితి ఒకటి కాదు. మద్రాసు రైల్వే కంపెనీ 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటు వరకు నడిపించిన మార్గంలో కుప్పం ఉంది. ఒక నెలకో మూడు నెలలకో ఒకేసారి డబ్బు కట్టి రోజూ ప్రయాణించడానికి రైల్వే ఇచ్చే సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల లోపు దూరానికి వర్తిస్తుంది కనుక కుప్పం వాసికి ఆ వీలు ఉంది. పైగా ఐటీ కార్యాలయాలు కిక్కిరిసిన వైట్‌ఫీల్డ్, దాని తరువాతి కె.ఆర్.పురం అదే దారిలోని స్టేషన్లు, 2023 మార్చిలో ఆ రెండు ప్రాంతాల మధ్య మెట్రో కూడా మొదలైంది. దానివల్ల బెంగళూరు పశ్చిమాన ఉండే ఉద్యోగి కంటె కుప్పం ఉద్యోగి కొన్ని రోజుల్లో తక్కువ అలసటతో కార్యాలయం చేరగలడన్నది అతిశయోక్తి కాదు. మదనపల్లెకు అటువంటి అదృష్టం లేదు. మదనపల్లె రోడ్డు అనే పేరుగల స్టేషను ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల చిన్నతిప్పసముద్రం దగ్గర, పాకాల–ధర్మవరం మార్గంలో ఉంది, ఆ మార్గం బెంగళూరు వైపు తిన్నగా పోదు. పుంగనూరుకు అసలు రైలే లేదు. ఈ రెండు పట్టణాల వారికీ కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల గుండా పోయే బస్సులే ఆధారం. హోసకోట వరకు సాఫీగా సాగిన ప్రయాణం, ఆ తరువాత నగరపు తూర్పు ముఖద్వారం దగ్గర వాహనాల రద్దీలో చిక్కుకుంటుంది.

మదనపల్లె ఒకప్పుడు ఇతర ప్రాంతాల వారు వెతుక్కుంటూ వచ్చిన ఊరు. 1915లో దివ్యజ్ఞాన సమాజం ఆధ్వర్యంలో బీసెంట్ కళాశాల వెలసింది. అదే సంవత్సరం ఊరికి దగ్గరలోని ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం ఏర్పడింది, ఇక్కడి చల్లని పొడి గాలి కోసం దూరదేశాల రోగులు వచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దం చివర చదువు మరింత విస్తరించింది: 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 1998లో మదనపల్లె దగ్గర ఇంజనీరింగు కళాశాల నెలకొన్నాయి. చదువు చెప్పే సంస్థలు వచ్చిన వేగంతో చదివినవారికి జీతమిచ్చే సంస్థలు రాలేదు. 2002లో హ్యూలెట్ పాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల ప్రయోగం చేపట్టింది. పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు తెరిచి సమాచారాన్ని, ప్రభుత్వ సేవలను అందించడం, స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ ఛాయాచిత్రాల పని నేర్పడం అందులోని భాగాలు. ఉద్దేశం మంచిదే. కాని గడువు ముగిశాక కుప్పంలో మిగిలింది అనుభవమే తప్ప, పట్టభద్రుణ్ణి ఊళ్లో నిలిపే కొలువులు కావు. ఏదో ఒక పెద్ద కంపెనీని ఊరికి తీసుకువస్తే పిల్లలు తిరిగి వస్తారన్న ఆశను నాయకులు నేటికీ ప్రతి ఎన్నికలోను పెంచుతూనే ఉన్నారు. ఆ ఆశ తీరేలోగా, ఇప్పటికే పోయివస్తున్నవారి దారిని బాగుచేయడం వాయిదా పడుతూనే ఉంది.

వారు రెండు పథకాల మధ్య ఎట్లా జారిపోతున్నారో చూడాలంటే ఆడపిల్లల బస్సు ఛార్జీ ఒక్కటి చాలు. కర్ణాటక 2023 జూన్ 11న ప్రారంభించిన శక్తి పథకం మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం చేసింది, కాని ఆ రాష్ట్ర చిరునామా ఉన్నవారికి మాత్రమే. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న ప్రారంభించిన స్త్రీశక్తి పథకం ఈ రాష్ట్ర మహిళలకు అటువంటి సదుపాయమే ఇచ్చింది, కాని అది అంతర్రాష్ట్ర సర్వీసులకు, అంటే రాష్ట్ర సరిహద్దు దాటే బస్సులకు, వర్తించదు. పుంగనూరు చిరునామాతో బెంగళూరులో పనిచేసే యువతి నగరం లోపల రోజూ టికెట్టు కొనాలి, వారాంతంలో ఊరికి రావడానికీ కొనాలి. ఆమె పక్క కుర్చీలో పనిచేసే కోలారు యువతి ఈ రెండింటికీ కొననక్కరలేదు. తల్లి ఊళ్లో తిరిగే పల్లెవెలుగు బస్సు ఉచితమైనప్పుడు, కూతురు జీతానికి పోయే బస్సు ఎందుకు కాకూడదో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు సమాధానం చెప్పుకోవలసి రాలేదు.

చట్టం సంగతీ అంతే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వెళ్లినవారినే గుర్తించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్, తనంతట తానుగా మరో రాష్ట్రానికి పోయి ఉద్యోగంలో చేరినవారిని కూడా లెక్కలోకి తీసుకుని, సొంత ఊరికి పోయిరావడానికి యజమాని ఏటా ప్రయాణ భత్యం ఇవ్వాలన్న నిబంధన పెట్టింది. ఇది మెచ్చుకోదగిన ముందడుగు. అయితే నెల జీతం 18,000 రూపాయలు దాటితే ఈ నిర్వచనం వర్తించదు కాబట్టి, బెంగళూరు అద్దెల ముందు ఏమాత్రం పెద్దవి కాని తొలి జీతాలతో చేరే కార్యాలయ ఉద్యోగుల్లో చాలామంది దానికి వెలుపలే ఉండిపోతారు. మరోవైపు వారి జీతం నుంచి మినహాయించే వృత్తి పన్ను, అంటే రాజ్యాంగం 276వ అధికరణం కింద రాష్ట్రం ఏటా 2,500 రూపాయలకు మించకుండా వసూలు చేయగల పన్ను, కర్ణాటక ఖజానాకు చేరుతుంది. ఓటు మాత్రం ఎక్కువమందికి సొంత ఊళ్లోనే ఉంటుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగినప్పుడు బెంగళూరు నుంచి వచ్చే బస్సులు కిక్కిరిసి రావడం అందరూ చూసినదే. పన్ను పుచ్చుకునే ప్రభుత్వానికి వారి ఓటు అవసరం లేదు. ఓటు పుచ్చుకునే ప్రభుత్వం తన సరిహద్దు అవతలి బాధను తనది కాదనుకుంటుంది.

నగరంలో నివాసానికి సంబంధించినంతవరకు, భోజనంతో కలిపి మంచానికి ఇంత అని నెలకు పుచ్చుకునే పీజీ వసతి గృహాలు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల వీధికి పది చొప్పున ఉన్నాయి. వాటిలో చాలావాటిని తెలుగువారే నడుపుతూ, తెలుగు వంట దొరుకుతుందని బోర్డు కూడా పెడతారు. పెళ్లయి ఇల్లు అద్దెకు తీసుకోవలసి వచ్చినప్పుడు అసలు భారం తెలుస్తుంది. బెంగళూరులో ఇంటి యజమానులు అడ్వాన్సు పేరుతో పది నెలల అద్దె ముందుగా పుచ్చుకునే ఆచారం చిరకాలంగా ఉంది. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు ఈ మొత్తం రెండు నెలల అద్దెకు మించరాదని సూచించింది గాని, నమూనా చట్టాన్ని ఏ రాష్ట్రానికా రాష్ట్రం స్వీకరిస్తేనే అది అక్కడ అమలవుతుంది. ఆ అడ్వాన్సు కోసం ఊళ్లో టమాటా మీద వచ్చిన డబ్బో, తల్లి మెడలోని గొలుసో కదలవలసి వస్తోంది. ఢిల్లీలో భవన్ నిర్వహిస్తున్న రాష్ట్రం, తన పిల్లలు ఇంతమంది ఉన్న పక్క నగరంలో ఉద్యోగినుల కోసం ఒక వసతి గృహం కట్టించడం మోయలేని ఖర్చు కాదు.

కర్ణాటక మంత్రివర్గం 2024 జులైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు యాజమాన్య స్థాయిలో 50 శాతం, ఇతర స్థాయుల్లో 70 శాతం కేటాయించే బిల్లును ఆమోదించి, పరిశ్రమల నుంచి వ్యతిరేకత రాగానే పక్కన పెట్టింది. ఆ రెండు మూడు రోజులు పడమటి మండలాల ఇళ్లలో కలిగిన కలవరం చిన్నది కాదు. అయితే 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని దేశంలో ముందుగా చట్టం చేసింది ఆంధ్రప్రదేశేనన్నది మరువరాదు. ఇటువంటి హర్యానా చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. సరిహద్దు అవతలి కొలువుల మీద ఇంతగా ఆధారపడిన జిల్లాలున్న రాష్ట్రం అటువంటి చట్టాన్ని సమర్థించడం తన పిల్లలకే చేటు. పైగా కర్ణాటక వైపున ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి ప్రాంతాల్లో ఇంటి భాష తెలుగైన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, కుప్పం పల్లెల్లో తమిళం, కన్నడం వినిపిస్తాయి. ఎవరు స్థానికులో రాష్ట్ర సరిహద్దు రేఖ ఒక్కటే తేల్చగల చోటు కాదిది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో కార్యాలయాలు మూతపడినప్పుడు పడమటి మండలాల ఉద్యోగులంతా ఊళ్లకు చేరి, మేడ మీది గదుల్లోంచి రెండేళ్ల దాకా అదే పని అదే జీతానికి చేశారు. తరువాత కార్యాలయాలు వారానికి రెండు మూడు రోజులు తప్పక హాజరు కావాలని పిలవసాగాయి. ఈ హైబ్రిడ్ పద్ధతి, అంటే కొంత ఇంటి నుంచి, కొంత కార్యాలయం నుంచి పనిచేసే ఏర్పాటు, నెల పొడుగునా అద్దె కట్టించి సగం రోజులే ఆ గది వాడుకోనిస్తుంది. కుప్పం ఉద్యోగి ఆ రెండు రోజులూ రైలెక్కి పోయి రాగలడు, మదనపల్లె ఉద్యోగికి ఆ వీలు లేదు.

కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు కొత్త రైలుమార్గం 2008-09 బడ్జెట్టులో మంజూరైంది. పని కడప వైపు నుంచి మొదలై పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పూర్తయి ఆగింది. రోజూ ప్రయాణించవలసినవారు ఉన్నది రెండో కొసన కనుక, పనిని ఆ కొసనుంచి, కోలారు వైపు ఉన్న రైలుమార్గంతో మదనపల్లెను కలిపే భాగంతో మొదలుపెట్టి ఉంటే, మిగిలిన మార్గానికి ఎన్నేళ్లు పట్టినా ఆ భాగం ఈపాటికి వేలమందికి పనికివచ్చేది. కుప్పం నుంచి మారికుప్పానికి వేస్తున్న చిన్న మార్గమూ త్వరగా పూర్తికావలసినదే గాని, ఇప్పటికే రైలున్న ఊరికి మరొక రైలు కంటె, లేని ఊరికి మొదటి రైలు ముందు రావడం న్యాయం. రైల్వే శాఖ ఆ భాగానికి విడిగా నిధులు కేటాయించాలని రెండు రాష్ట్రాలూ కలిసి అడగాలి. రైలు వచ్చేదాకా, ఏ రాష్ట్ర చిరునామా ఉన్నా చెల్లే నెలవారీ పాసును మదనపల్లె, పుంగనూరు బస్సుల్లో ప్రవేశపెట్టడానికి రెండు ఆర్టీసీలూ ఒక ఒప్పందం రాసుకుంటే చాలు, దానికి పట్టాలూ అక్కరలేదు, భూసేకరణా అక్కరలేదు.